గంప కింది పిల్లికూన

“శనివారం లోపల దాన్ని యాడన్నా వదిలిపెట్టి రండి. లేకుంటే నేనే సంచిలో ఏసుకొని పొయ్యి వదిలేసి వస్తా.”

“యాడ వదుల్తావు అవ్వా? పాలు తాగే బిడ్డ అది. రోడ్డు మీద వదిల్తే బస్సు కింద పడి సస్తాది.”

“పాలు తాగే బిడ్డ దేవుడి గూట్లోకి దూకుతాదా? ఇట్ల సూడు మే. నామం గడ్డ యాడ పడిందో సూడు. మూడు ముక్కలు.”

“పగిలితే ఏమయితాది? ఎట్లాగూ అరగదీసేదే కదా దాన్ని.”

“నోరు సూడు! నీ నోటికీ అడ్డం లేదు, దాని కాళ్ళకీ అడ్డం లేదు.”

“నువ్వు తిట్టేది నన్నా, పిల్లినా? ఒకటి తేల్చుకో అవ్వా.”

“ఇద్దర్నీ. ఇద్దురూ ఒకే తీరుగా తయారైనారు.”

గురువారం పొద్దున తిరుపతిలో మా ఇంటి వంటగదిలో జరిగిన మాటలివి. ఒక పక్క నా కొడుకు కూతురు, ఆరో తరగతి చదివే పిల్ల, స్కూలు చున్నీ లోపల పిల్లికూనను దాచుకుని నిలబడింది. ఇంకో పక్క నేను, చీపురు పట్టుకుని. మా కోడలు మాకు వీపు పెట్టి పొయ్యి దగ్గర దోసె తిప్పుతోంది. ఆ వీపు అదురుతున్న తీరు చూస్తే నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

ఆ కూన మా ఇంటికి వచ్చి అప్పటికి నెలన్నర. స్కూలు గోడ పక్కన దొరికిందని పాప పుస్తకాల సంచిలో వేసుకుని వచ్చింది. బూడిద రంగు, నా పిడికిలి కన్నా కొంచెం పెద్దది. “ఎలుకలు పడతాదిలే అత్తా” అంది కోడలు. “ఎలుకే దీన్ని ఎత్తుకుపోతాది” అన్నాను నేను. ఉండనిచ్చాను గాని, దానికి పేరు మాత్రం పెట్టొద్దని చెప్పాను. పేరు పెట్టినదాన్ని ఇంట్లోంచి పంపడం కష్టం.

మొదటి పది రోజులు నేల మీదే తిరిగింది. తర్వాత కర్టెను పట్టుకుని ఎక్కడం నేర్చింది. నేను కర్టెన్లు ఎత్తి కట్టేశాను. స్టూలు ఎక్కి, గ్రైండరు మీదికి, అక్కడినుంచి ఫ్రిజ్ మీదికి పోయేది. నేను స్టూలును వరండాలో పెట్టేశాను. అప్పుడు బియ్యం బస్తా మీదినుంచి దూకసాగింది. బస్తాను తీసి వరండాలో పెట్టలేను కదా. అరల అంచున స్టీలు పళ్ళేలు నిలబెట్టాను, కాలు తగిలితే అవి పడి ఆ చప్పుడుకు జడుసుకుంటుందని. మొదటిసారి జడుసుకుంది. రెండోసారి పళ్ళెం పడుతుంటే తల వంచి వేడుక చూసింది. నాకు చదువు మూడో తరగతి దాకానే. కాని ఆ కూన ఏ పక్కనుంచి ఏ పక్కకు దూకుతుందో ఆ లెక్క మాత్రం నాకు బాగా పట్టుబడింది. బస్తాలో బియ్యం తగ్గేకొద్దీ దానికి ఎత్తు చాలక కిందనే ఉండిపోయేది. బుధవారం కొత్త బస్తా వచ్చింది. గురువారం తెల్లవారేసరికి కూన దేవుడి గూట్లో ఉంది.

వేరే రోజైతే రెండు తిట్లతో వదిలేసేదాన్ని. కాని రెండు రోజుల్లో మా ఇంట్లో తళిగ. దసరా రోజుల్లో వచ్చే పెరటాసి నెలలో ఒక శనివారం ఏడుకొండలవాడికి వండి పెట్టడాన్ని మా పక్క తళిగ వేయడం అంటారు. మా ఇంట్లో మూడో శనివారం వేస్తాం. దానికి సొంత బియ్యం వాడం. నామం పెట్టిన ఇత్తడి చెంబు పట్టుకుని గోవిందా అంటూ నాలుగైదు ఇండ్లకు పోయి బియ్యం అడుక్కుని రావాలి. ఎంత ఉన్నవాళ్ళైనా ఆ రోజు అడుక్కోవాల్సిందే. ఆ బియ్యంతోనే పొంగలి, ఆ బియ్యంతోనే పిండి కొట్టి, బెల్లం కలిపి, గుంట చేసి నెయ్యి పోసి దీపం పెడతాం. పిల్లి మూతి పెట్టి పాడు చేస్తే అంగడికి పోయి మళ్ళీ కొనుక్కొచ్చే బియ్యం కాదు అది. పైగా నెయ్యి వాసన. నెయ్యి డబ్బా మూత తీస్తే వీధి చివర ఉన్నా వచ్చే రకం ఆ కూన.

కడకు కోడలే మధ్యలో పడింది. “అత్తా, ఒక మాట సెప్పు, దాని మీద నిలబడు. శనివారం నాడు అది తళిగ జోలికి రాకుంటే?”

“రాకుంటే ఉండనీ.”

“వస్తే?”

“ఆదివారం పొద్దున అది నా ఇంట్లో ఉండదు. ఏడ్చినా వినను, పాప అన్నం మానేసినా వినను.”

పాప కండ్లు తుడుచుకుని, “సరే. ఆ రోజు నువ్వు దాన్ని ఏమీ సెయ్యకూడదు” అంది.

“నా చేత్తో దాన్ని తాకేది కూడా లేదు పో” అన్నాను.

ఆ మాట అంత గట్టిగా అని ఉండకూడదు.

శనివారం ఐదు గంటలకే లేచి తలకు పోసుకున్నాం. నా కొడుకుకు రేణిగుంటలో గోడౌన్ పని, ఆ రోజు సెలవు దొరకలేదు. పాప మొదటిసారి చెంబు పట్టింది. నుదుటన నామం పెట్టి, పసుపు పూసిన చెంబు చేతికిచ్చాను. పోయేముందు పాప పెరటి వసారాలో కూనను గంప కింద పెట్టింది. ఆ గంప నేను కోళ్ళు పెంచే కాలంలో శ్రీకాళహస్తి సంతలో కొన్నది, పద్దెనిమిదేండ్లయినా ఒక బద్ద ఊడలేదు. గంప కదలకుండా మీద రుబ్బుడు పొత్రం పెట్టాను.

“అవ్వా, ఊపిరాడతాదా దానికి?”

“కోళ్ళకు ఆడింది, దీనికి ఆడదా? పోండి, పొద్దెక్కుతాంది.”

తల్లీ కూతురూ వీధిలోకి పోయారు. ఇంట్లో నేనూ, గంప కింద అదీ మిగిలాం.

తళిగ పాత్రలు వేరుగా ఉంటాయి మాకు. ఏడాదికి ఒక్కరోజు వాడతాం, మిగతా రోజులంతా వంటగదిలో పొయ్యికి పైన అటక మీద ఉంటాయి. ఎలుకల పోరు పడలేక నా కొడుకు ఆ అటకకు చెక్క తలుపులు పెట్టించి గడియ వేయించాడు. వెదురు నిచ్చెన వేసుకుని ఎక్కి, పొంగలి వండే పెద్ద ఇత్తడి గుండు, రెండు తపేలాలు, గరిటెలు ఒక్కొక్కటిగా దించాను. పెరట్లో కొళాయి దగ్గర కూర్చుని చింతపండు వేసి తోముతున్నాను.

ఆ సేపంతా గంప కింద కూన అరుస్తూనే ఉంది. మొదట పట్టించుకోలేదు. కొంచెం సేపటికి ఎండ వసారాలోకి వచ్చింది. గంప సందులోనుంచి ఒక చిన్న కాలు బయటికి వచ్చి నేలను గోకుతోంది. గోరుకు నెత్తురు కనిపించింది. చేతికి చింతపండు పిప్పి ఉండగానే పొత్రం దించి గంప ఎత్తేశాను. అది బాణంలా నా కాళ్ళ మధ్యనుంచి ఇంట్లోకి దూరింది.

“ఓ శని! రా ఇట్ల!” అని వెనకాలే పోయాను. వంటగదిలో లేదు, ముందు గదిలో లేదు. వీధి తలుపు తెరిచే ఉంది. వీధిలోకి పోయిందనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ నిమిషం నాకు కొంచెం హాయిగా అనిపించింది. నేను వదిలిపెట్టలేదు, అదే పోయింది, తళిగకు గండం తప్పింది అనుకున్నాను. వచ్చి గంప ఎప్పటిలాగే బోర్లించి, పొత్రం మళ్ళీ పైన పెట్టాను. ఎందుకు పెట్టానంటే ఏమి చెప్పను? తాకనని అన్నదాన్ని తాకి వదిలేశానని ఎవరికీ తెలియకూడదనే. తర్వాత వంటగదిలోకి పోయి నిచ్చెన ఎక్కి, అటక తలుపులు మూసి, గడియ బిగించి, నిచ్చెనను పెరట్లో పెట్టాను. అటక లోపలికి తొంగి చూడలేదు.

తొమ్మిది దాటాక తల్లీ కూతురూ వచ్చారు. పాప చెంబు నిండా బియ్యం, ముఖం నిండా చెమట.

“ఏడు ఇండ్లవ్వా! పక్కింటి కోళ్ళామె రెండు గుప్పిళ్ళు ఏసింది” అంటూ చెంబు నా చేతికిచ్చి వసారాలోకి పరిగెత్తింది. పొత్రం దొర్లిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. నేను చెంబు పట్టుకుని అట్లే నిలబడ్డాను.

పాప మెల్లగా వంటగదిలోకి వచ్చింది.

“పిల్లి యాడవ్వా?”

“గంప కింద.”

“గంప కింద లేదు.”

“అయితే నాకేం తెలుసు?”

“గంప మీద రాయి పెట్టింది పెట్టినట్టే ఉండాది. లోపల పిల్లి లేదు. రాయి ఎత్తి, బయటికి వచ్చి, మళ్ళా రాయి పెట్టుకునిందా అది?”

కోడలు నా ముఖం చూసింది. నేను బియ్యం చాటలో పోసి రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను.

“నువ్వే సంచిలో ఏసుకొని పొయ్యి వదిలేసినావు. గురువారమే సెప్పినావు కదా, అట్లనే సేసినావు. నన్ను బియ్యానికి పంపించి సేసినావు.”

“మే! పెద్దదాన్ని పట్టుకొని ఏమి మాటలవి?” అని కోడలు కసిరింది. ఆ కసురులో బలం లేదు. కోడలికీ అదే అనుమానం.

గంప నేనే ఎత్తానని ఆ క్షణంలో ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు నోరు రాలేదు. జాలిపడి ఎత్తానని చెప్పడం కన్నా, కర్కశురాలినని అనిపించుకోవడమే నాకు సులువుగా ఉండింది. “పండగ పూట ఏడుపులు వద్దు. పొయ్యి నీళ్ళు తోడు” అన్నాను.

పాప వీధి అంతా వెతికి వచ్చింది. బియ్యం నానబెట్టి, పిండి కొట్టి, పొయ్యి మీద గుండు ఎక్కించాం. నాలుగు గంటల వంట. పొంగలి ఆవిరి, వడల నూనె పొగ పైకి పోతూనే ఉన్నాయి. కప్పు మీద ఎండ మండుతోంది. సాంబ్రాణి కూడా దండిగా వేశాను. ఇల్లంతా తెల్లగా పొగ.

ఒంటిగంటకు వంటగదిలోనే, దేవుడి గూటి ముందు ఆకులు పరిచి తళిగ వేశాం. బియ్యమిచ్చిన ఇండ్లనుంచి నలుగురు ముసలమ్మలు వచ్చారు, వాళ్ళలో కోళ్ళు పెంచే పక్కింటామె ఒకతి. పాప మొదటిసారి బియ్యం తెచ్చిందని, నెయ్యి దగ్గర ఎప్పుడూ చెయ్యి బిగించే నేను, ఆ రోజు పిండి దీపంలో ఒక గరిటె ఎక్కువ పోశాను. దీపం వెలిగించింది నేనే. మా అత్త చెప్పిపోయిన కట్టు ఒకటి ఉంది. దీపం కొండెక్కేదాకా, అంటే తానుగా ఆరిపోయేదాకా, వెలిగించిన మనిషి, ఇంటివాళ్ళు లేవకూడదు. దేవుడు ఆకు ముందు కూర్చుని తింటుంటే వడ్డించేవాళ్ళు లేచి పోయినట్టని అనేది. నలభై ఏండ్లలో నేను ఒక్కసారీ లేవలేదు. ఒక ఏడాది చికున్‌గున్యా వచ్చి మోకాళ్ళు పట్టేసినా గోడకు ఆనుకుని అట్లే కూర్చున్నాను.

“వెంకటరమణా…” అంటే “గోవిందా!” అని అందరూ అరిచారు. పాప పెదవులు కదల్లేదు. ఆకు వైపే చూస్తూ కూర్చుంది.

మూడోసారి గోవిందా ఆగిన సందులో నాకు వినిపించింది. సన్నగా, గోడలోనుంచి వచ్చినట్టు. మళ్ళీ గోవిందా అన్నారు. ఆగగానే మళ్ళీ వినిపించింది, చెక్క మీద గోరు గీసిన చప్పుడు. తల ఎత్తి చూశాను. అటక తలుపులు, వాటికి గడియ, నేను బిగించినదే.

అప్పుడు అర్థమైంది. నా కాళ్ళ మధ్యనుంచి పోయినది వీధిలోకి పోలేదు. నిచ్చెన ఎక్కింది. ఎక్కడానికి మెట్టు దొరికితే అది వీధిలోకి ఎందుకు పోతుంది? నెలన్నరగా దాని దారులన్నీ కనిపెట్టినదాన్ని, ఆ ఒక్క దారి నేనే వేసి నేనే మరిచాను.

పాప కూడా విన్నది. నా వైపు తిరిగి, “అవ్వా, పైన ఉండాది” అని గొణిగింది. లేవబోయింది. నేను దాని మణికట్టు పట్టుకున్నాను.

“కూర్చో. దీపం కొండెక్కనీ.”

“అంత సేపు ఉంటాదా అది? ఆడ ఎంత ఉడుకుంటాదో తెలుసా?”

“లేవకూడదు.”

పాప చెయ్యి విడిపించుకోవాలని లాగుతోంది. దీపంలో నెయ్యి సగం కూడా తగ్గలేదు. ఒత్తి నిటారుగా వెలుగుతోంది. పక్కింటామె, “యాడో పిల్లి ఏడుస్తాంది, ఏమే?” అంది. పొద్దున ఏడు గంటలనుంచి అది ఆ పొగలో, ఆ వేడిలో, నీళ్ళ చుక్క లేకుండా ఉంది. పొద్దుటినుంచీ ఎన్నిసార్లు అరిచిందో, మూకుడు చప్పుడులో మాకు వినబడలేదు.

గోరు చప్పుడు ఆగింది. నేను చెవి పెట్టి కూర్చున్నాను. ముసలమ్మలు గోవిందా అన్నారు. అది ఆగాక కూడా ఏమీ వినిపించలేదు. ఇంకోసారి అన్నారు. అప్పుడూ లేదు.

నేను పాప చెయ్యి వదిలేసి లేచాను.

“అత్తా! దీపం ఎలగతా ఉండాది!” కోడలి గొంతు కీచుమంది.

“ఎలగనీ” అన్నాను.

పెరట్లోకి పోయి నిచ్చెన లాక్కొచ్చాను. పొద్దున మోసినప్పుడు అంత బరువు అనిపించలేదు. కోడలు కూడా లేచి వచ్చి కింద గట్టిగా పట్టుకుంది. మెట్టు మెట్టుకూ మోకాళ్ళు కలుక్కుమన్నాయి. గడియ నేనే మరీ గట్టిగా బిగించానేమో, తీయడానికి వేళ్ళు జారాయి. అరచేత్తో రెండుసార్లు కొడితే వచ్చింది. తలుపు తీయగానే పొయ్యి ముఖాన పెట్టినట్టు వేడి తగిలింది.

కంటికి ఏమీ కనిపించలేదు. చెయ్యి చాచి తడిమాను. పాత చాట, విరిగిన కవ్వం, గోనెపట్ట. పెద్ద గుండు ఉండే చోట, ఆ గోనెపట్ట మీద మెత్తగా తగిలింది. ఎప్పుడు పట్టుకున్నా చెయ్యి గీరేసేది. ఇప్పుడు గీరలేదు. దాని నాలుగు కాళ్ళూ గుడ్డపేలికలా వేలాడాయి. నోరు తెరుచుకుని ఉంది. ఆ గీరకపోవడానికే నాకు భయమేసింది.

ఒక చేత్తో దాన్ని రొమ్ముకు ఆనించుకుని, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని ఎట్లా దిగానో తెలియదు. కొళాయి దగ్గర కూర్చుని నా కొంగు తడిపి దానికి చుట్టాను. పాప దోసిలిలో నీళ్ళు పట్టింది. నేను వేలు తడిపి దాని నోట్లో చుక్క వదిలాను. బయటికి కారిపోయింది. ఇంకో చుక్క. అదీ కారిపోయింది. పాప ఏడవడం లేదు, నా వేలునే చూస్తోంది. ఎన్ని చుక్కలు వదిలానో గుర్తు లేదు. ఒక చుక్కకు దాని గొంతు కదిలింది. తర్వాత చుక్కకు నాలుక బయటికి వచ్చి నా వేలికి తగిలింది, ఉప్పుకాగితంలా గరుకుగా.

“తాగతాంది” అంది పాప.

“ఊ. కొంచెం కొంచెమే తాగనీ.”

అప్పుడు చెప్పాను. “గంప నేనే ఎత్తినాను.”

“నాకు తెలుసులే.”

“వదిలిపెట్టేదానికి కాదు మే. దాని గోరు నెత్తురు కారతా ఉంటే సూడలేక ఎత్తినాను. ఇంట్లోకి దూరింది. వీధిలోకి పోయిందనుకున్నా.”

పాప దోసిలి మళ్ళీ నింపుకుంది. తర్వాత, “మరి పొద్దున అడిగినప్పుడే సెప్పింటే, నేను అటక కూడా ఎతికిండేదాన్ని కదవ్వా” అంది.

నేను కొంగు మళ్ళీ తడిపి కూనకు చుట్టాను.

ఇంట్లోనుంచి పక్కింటామె కేక వేసింది. “వదినా, దీపం కొండెక్కింది! గోవిందా అను!” పెరట్లో కూర్చునే గోవిందా అన్నాను. నలభై ఏండ్లలో దీపం కొండెక్కడం నేను చూడనిది ఆ ఒక్క ఏడాదే.

ఆ సాయంత్రం అందరూ తిన్నారు. పాప కూడా తింది, నాకు ఎదురుగా కాదు, వసారాలో, కూనను ఒళ్ళో పెట్టుకుని. తళిగ జోలికి ఆ కూన రాలేదు. ఇచ్చిన మాట ప్రకారం దానికి ఇల్లు దక్కింది. ఆ సంగతి పాప గుర్తు చేయలేదు, నేనూ ఎత్తలేదు.

మరుసటి రోజు, ఆదివారం పొద్దున, నేను వసారాలో పాత్రలు తుడుస్తున్నాను. పాప నిద్ర కండ్లతో లేచి వచ్చింది. నేరుగా గోడ పక్కకు పోయి, నేను మళ్ళీ కూనను పెట్టానేమోనని బోర్లించి ఉన్న గంపను ఎత్తి, కింద చూసింది. ఏమీ లేదు. గంప వదిలేసి వంటగదిలోకి పోయింది. కూన బియ్యం బస్తా మీదినుంచి ఫ్రిజ్ ఎక్కి, అక్కడ కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. దించమని నేను అనలేదు. పాత్రలు తుడవడం అయ్యాక గంప చంకన పెట్టుకుని పోయి, కోళ్ళున్న పక్కింటామెకు ఊరకే ఇచ్చేసి వచ్చాను.